బెల్లో జలసంధి – ఆలస్యంగా చేసిన ఒక దిద్దుబాటు

తెలుగు పండితునికి ఉత్తరధ్రువంతో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. ముప్పై యేండ్ల క్రిందట, సాంఘికశాస్త్రోపాధ్యాయుడు సెలవు పెట్టిన ఒకనాడు ఎనిమిదవ తరగతి నాకు అప్పగించారు. గోడమీది పటము చూపుతూ "జలసంధి" శబ్దాన్ని వివరించాను. వ్యాకరణంలో సంధి రెండు వర్ణాలను కలిపినట్లే ఇది రెండు సముద్రభాగాలను కలుపుతుందని చెప్పి, కెనడాకు ఉత్తరాన చెదరి ఉన్న దీవుల నడిమి సందులను కర్రతో చూపాను. వెనుక బల్ల మీది అమ్మాయి లేచి, "అక్కడ ఎవరుంటారండీ?" అని అడిగింది. "ఎవరూ ఉండరమ్మా, అంతా మంచే" అన్నాను.

ఆ జవాబు తప్పు. ఎంత తప్పో పదవీ విరమణ తరువాత, తీరికగా ఆ ప్రాంతపు చరిత్ర చదివినప్పుడు గాని తెలియలేదు.

ఆ సందులలో ఒకటి బెల్లో జలసంధి. ఉత్తరాన సోమర్సెట్ దీవి, దక్షిణాన బూథియా ద్వీపకల్పం. పొడవు సుమారు 25 కిలోమీటర్లు, వెడల్పు 2 కిలోమీటర్లు. ఉత్తర అమెరికా ప్రధాన భూభాగపు ఉత్తరపు కొస దీని దక్షిణ తీరాననే ఉన్నది. ఇరువైపులా చెట్టన్నది లేని రాతికొండలు నీటిలోనుండి నిట్టనిలువుగా లేస్తాయి. పోటుపాట్ల వేళ ప్రవాహం 8 నాట్ల వరకు, అనగా గంటకు దాదాపు 15 కిలోమీటర్ల వేగంతో పారుతుంది. మంచుపలకలు ఆ వడిలో ఒకదానినొకటి ఢీకొంటూ సాగుతాయి. వేసవిలో ఒంటికొమ్ము నార్వాల్ తిమింగిలాలు, తెల్లని బెలూగాలు ఈ నీళ్ళకు వస్తాయి. సీళ్ళు ఉన్నచోటికి ధ్రువపు ఎలుగులు వస్తాయి. ఒడ్డున కస్తూరి ఎద్దులు నాచును, పొట్టి గడ్డిని మేస్తాయి.

జలసంధికి పేరు తెచ్చినవాడు జోసెఫ్ రెనే బెల్లో అనే ఫ్రెంచి నావికాధికారి. 1845లో జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వాన అట్లాంటిక్ నుండి పసిఫిక్‌కు వాయవ్య మార్గం వెదకబోయిన రెండు ఇంగ్లీషు ఓడలు, 129 మందితో సహా మాయమయ్యాయి. ఫ్రాంక్లిన్ భార్య జేన్ పంపిన ఓడలో, విలియం కెనెడీ సారథ్యంలో, బెల్లో 1851లో స్వచ్ఛందంగా బయలుదేరాడు. 1852లో వారిరువురు కుక్కబండ్లతో ఈ సందును కనుగొన్నారు. అటుపై దక్షిణానికి తిరిగి ఉంటే ఫ్రాంక్లిన్ జాడ దొరికేదేమో! వారు పడమరకు పోయారు. మరుసటి యేడు ఆగస్టులో మరొక గాలింపులో బెల్లో మంచుపలక మీదనుండి చీలికలో పడి మరణించాడు. అప్పటికి అతనికి 27 యేండ్లు. పరదేశీయుల కోసం ప్రాణమిచ్చిన ఆ యువకునికి ఇంగ్లీషువారు గ్రీనిచ్‌లో, థేమ్స్ నది ఒడ్డున స్మారకస్తంభం నిలిపారు.

1858లో మెక్లింటాక్ 'ఫాక్స్' అనే ఓడతో ఈ జలసంధిని దాటజూచాడు. పలుమార్లు ప్రయత్నించినా పడమటి కొసన మంచు అడ్డగించింది. తూర్పు కొసన చలికాలం గడిపి, 1859 వసంతంలో బండ్లమీద దక్షిణానికి పోయినప్పుడే ఫ్రాంక్లిన్ మరణవార్త గల కాగితం దొరికింది.

నా తప్పు ఇక్కడే బయటపడింది. ఆ వార్త కొత్తది కాదు. 1854లోనే జాన్ రే అనే యాత్రికునికి ఇన్యూట్లు తెల్లవారు ఆకలితో చనిపోయిన వైనం చెప్పారు. వారి వస్తువులు కూడా ఇచ్చారు. నవలాకారుడు డికెన్స్ అంతటివాడు ఆ సాక్ష్యాన్ని తన పత్రికలో ఈసడించాడు. అనాగరికుల మాట నమ్మరాదన్నది ఆయన వాదం. 2014లో ఒక ఓడ, 2016లో రెండవది సముద్రగర్భాన దొరికాయి. మొదటిది ఇన్యూట్ల వాచిక సంప్రదాయం సూచించిన ప్రాంతంలోనే ఉన్నది. రెండవదానికి దారి చూపినది ఒక ఇన్యూట్ చెప్పిన ఆనవాలు.

"ఎవరూ ఉండరు" అన్న ఆ చోట, సోమర్సెట్ దీవి ఆగ్నేయ తీరాన, ఇన్యూట్ల పూర్వికులు తిమింగిలపు దవడలు, పక్కటెముకలు దూలాలుగా నిలిపి కట్టుకున్న శీతకాలపు ఇండ్ల శిథిలాలు నేటికీ ఉన్నాయి. అవి బెల్లో కంటె శతాబ్దాల పూర్వపువి. 1937లో హడ్సన్స్ బే కంపెనీ జలసంధి తూర్పు కొసన ఫోర్ట్ రాస్ అనే వర్తక స్థావరం పెట్టి, అంతకుముందే ఒకచోటి నుండి మరొకచోటికి తరలించిన ఇన్యూట్ కుటుంబాలను అక్కడికి చేర్చింది. 1942, 1943 సంవత్సరాలలో సరుకుల ఓడ మంచు దాటి చేరలేకపోయింది. పదేండ్లకే స్థావరం మూతపడింది. ఆ కుటుంబాలు మళ్ళీ మూటలు కట్టుకున్నాయి.

మనుషులు ఉన్నచోటును పటంలో ఖాళీగా చూపడం తేలిక. బడిపిల్లకు అలాగే చెప్పడం ఇంకా తేలిక. డికెన్స్‌ను తప్పుపట్టే ముందు నన్ను నేను చూచుకోవలసి వచ్చింది. ఆ అమ్మాయికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఆమె ఎక్కడున్నదో నాకు తెలియదు. ఎప్పుడైనా ఈ పుట ఆమె కంట పడితే, అమ్మా, నీ ప్రశ్నకు సరియైన జవాబు ఇది: అక్కడ ఇన్యూట్లు ఉంటారు. వారికి ఆ నీళ్ళు మనకంటె బాగా తెలుసు.

స్వస్తి.