గొలుసు పట్టాల చరిత్ర: వరిపొలం నుంచి నమూనా వాహనం దాకా – ఉత్తరాంధ్ర సందర్భం

ఉపోద్ఘాతం:
రోబోలకు, రిమోట్‌తో నడిచే చిన్న వాహనాలకు ఇంటివద్దనే గొలుసు పట్టాలు తయారుచేసుకునే ఔత్సాహికులు వాటిని ట్యాంకు పట్టాలని వ్యవహరిస్తారు. తెలుగు నేలపై కూడా ఈ పట్టాలకు ప్రసిద్ధి యుద్ధ వాహనాల వల్లనే వచ్చింది. ఎద్దుమైలారంలోని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే ‘శరత్’ అందుకు నిదర్శనం. అయితే ఈ పరికరానికి మూలం యుద్ధం కాదు, వ్యవసాయం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వరిపొలాల నేపథ్యంలో ఆ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మెత్తని నేల వేసిన ప్రశ్న:
బండి తన బాటను తానే పరచుకుంటూ సాగేలా చక్రం చుట్టూ పలకలు అమర్చే విధానానికి జేమ్స్ బాయ్‌డెల్ 1846లో బ్రిటన్‌లో పేటెంటు పొందాడు. కాలిఫోర్నియా డెల్టా నేలల్లో ఆవిరి ట్రాక్టర్లు కూరుకుపోతుండగా, బెంజమిన్ హోల్ట్ వెనుక చక్రాలు తొలగించి, గొలుసులకు కొయ్యపలకలు బిగించిన పట్టాలను 1904 నవంబరు 24న పరీక్షించాడు. ట్యాంకు ఆ తరువాతిది. 1915లో లింకన్ నగరంలో దాని తొలి నమూనాకు అమెరికా నుంచి తెప్పించిన పట్టాలు సాగి జారిపోయాయి. బలాటా బెల్టు పరీక్షకు నిలవలేదు. విలియం ట్రిటన్, వాల్టర్ విల్సన్ ఉక్కు పలకలను లంకెలకు బిగించి రూపొందించిన పట్టాతో ఆ సమస్య తీరింది.

ఉత్తరాంధ్ర పొలాల్లో:
నాగావళి, వంశధార పరీవాహక ప్రాంతాల్లో ఖరీఫ్ వరి కోతల వేళ తుపాను వానలు పడితే టైర్ల కోతయంత్రం దిగబడుతుంది. అప్పుడు రైతుకు ‘చైన్ మిషన్’ అవసరమవుతుంది. దాని రబ్బరు పట్టా సాగిపోకుండా లోపలి ఉక్కు తీగలు ఆపుతాయి. లింకన్‌లో ఎదురైన చిక్కుకు ఇది మరొక సమాధానం.

ఇంటి తయారీలో అదే సూత్రం:
8 కిలోల నమూనా వాహనానికి నాలుగు చక్రాలు ఒక్కొక్కటి 4 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకితే, చదరపు సెంటీమీటరుపై అరకిలో భారం పడుతుంది. 30 సెంటీమీటర్ల నిడివి, 5 సెంటీమీటర్ల వెడల్పుతో నేలకు ఆనే రెండు పట్టాలు ఉంటే అది సుమారు 27 గ్రాములకు తగ్గుతుంది. 12.7 మిల్లీమీటర్ల లంకె దూరం గల రెండు సైకిలు గొలుసులను సమాంతరంగా ఉంచి, వాటికి అడ్డంగా పలకలు బిగిస్తే హోల్ట్ పద్ధతే పునరావృతమవుతుంది. పళ్ళచక్రం లంకె దూరానికి సరిపోవాలి. గొలుసు వదులైనప్పుడు బిగించేందుకు ముందుచక్రం జరిగేలా ఉండాలి. మలుపులో నేల పట్టాను పక్కకు నెడుతుంది కనుక లోపలివైపు అడ్డుగట్లు అవసరం.

ముగింపు:
బరువును పంచడం, సాగుదలను అరికట్టడం, పట్టా జారకుండా నిలపడం అనే మూడు సమస్యలు హోల్ట్ నాటి నుంచి నేటి ఔత్సాహికుని వరకు మారలేదు. ఈ చరిత్రను ట్యాంకుతో మొదలుపెట్టి బోధిస్తే మొదటి సమస్యకు మూలమైన పొలం మరుగున పడుతుంది. ఉత్తరాంధ్ర విద్యార్థికి ఆ పాఠం చైన్ మిషన్ వరిచేలో వదిలిన జాడల వద్దే ఆరంభం కావడం సమంజసం.