ధాత కరువు, వాన మొక్కులు



మా బళ్ళారి పల్లెల్లో పిల్లలు అన్నం పారేస్తే ముసలివాళ్ళు "ధాత కరువు చూసుంటే తెలిసేది" అనేవారు. మా జేజి చూసింది కాదు, తన అవ్వ నోట విన్నది. అది ధాత నామ సంవత్సరం, అంటే 1876-77. అప్పుడు బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లా. అనంతపురం కూడా 1882 దాకా అందులోదే.

వాన రాకపోతే ఊరంతా కలిసి దేవుణ్ణి అడగడం మనకు పాత అలవాటు. చేటకు కప్పను కట్టి, వేపమండలు పరచి ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగేవారు. ఇంటామె కప్పమీద నీళ్ళు పోసి, గింజలు పెట్టేది. కన్నడ ఇళ్ళవాళ్ళకు గుర్జి ఉంది. బోర్లించిన పెనం మీద పేడబొమ్మ పెట్టి, దాన్ని తలకెత్తుకొన్నవాడి మీద నీళ్ళు కుమ్మరిస్తారు. గుళ్ళో విరాటపర్వం చదివించేవారు. మనకు తిక్కనది, వాళ్ళకు కుమారవ్యాసునిది. ఆ పర్వమే ఎందుకంటారా? ధర్మరాజు ఉన్నచోట వానలు సకాలంలో కురుస్తాయని భీష్ముడు చెప్పేది అందులోనే. ముస్లింలు బయలులో వాన నమాజు చేసేవారు. దానికి ముందు ఉపవాసం ఉండటం మేలని వారి పెద్దల మాట.

సర్కారుకూ వాన కావాలి, వాన పడితేనే కదా శిస్తు! అందుకే కుంపిణీ రోజుల్లో మద్రాసు రాజధాని కలెక్టర్లు గుళ్ళలో వరుణపూజలకు ఖజానా సొమ్ము ఇచ్చేవారు. క్రైస్తవ దొరలు విగ్రహపూజకు డబ్బివ్వడమేమిటని మిషనరీలు తప్పుబట్టారు. గుళ్ళ వ్యవహారాల నుంచి తప్పుకోమని 1833లో లండన్ డైరెక్టర్లు ఉత్తరువిచ్చారు. 1863 చట్టంతో ఆ తెగతెంపులు దాదాపు ముగిశాయి. అది న్యాయమే అనుకుందాం. కాని పూజ ఖర్చు వదులుకొన్న సర్కారు శిస్తు హక్కును మాత్రం వదులుకోలేదు.

1876లో నైరుతి, ఈశాన్య వానలు రెండూ తప్పాయి. మద్రాసు ప్రభుత్వం 30 వేల టన్నుల ధాన్యం కొంటే, వర్తకుల పనిలో చెయ్యి పెట్టవద్దని వైస్రాయి లిట్టన్ కోప్పడ్డాడు. 1877 జనవరి 1న ఢిల్లీలో ఆయన దర్బారు వైభవంగా జరిగింది. ఆ నెలలోనే ఆయన పంపిన రిచర్డ్ టెంపుల్ ఇక్కడికి వచ్చి, కరువు పనిలో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే 450 గ్రాములు, అదీ పొద్దంతా రాళ్ళు కొట్టే మనిషికి! చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు.

ఏకాదశి ఒక్కపొద్దులు అలవాటైన జనానికి ఆ ఏడు రోజూ ఒక్కపొద్దేనని జేజి చెప్పేది. కప్పను మోసుకొచ్చిన ఆడవాళ్ళకు ప్రతి గడపలోనూ ఎలాగో చెంబెడు నీళ్ళు దొరికాయట గాని, చేటలో వేయడానికి గింజలు లేవట.