సిలికాన్ యానోడ్: ఇన్వెస్టర్లకు చెప్పని చరిత్ర

సిలికాన్ యానోడ్ కథను ఇన్వెస్టర్ల ముందు ఎప్పుడూ 2008 నుంచే మొదలుపెడతారు. సిలికాన్ నానోతీగలపై స్టాన్‌ఫర్డ్‌లో యీ చుయ్ బృందం చేసిన పరిశోధన, దాని వెంట స్టార్టప్‌లు, ఆ తర్వాత కార్లు. ఈ వరుస నాకు సమ్మతం కాదు. డబ్బు పెట్టేవాడు దీన్ని నమ్ముకుంటే ఏ సంగతి ముందు అడగాలో తెలియకుండా పోతుంది.

సిలికాన్ లిథియంతో కలుస్తుందన్నది 1970ల నాటి పరిజ్ఞానమే. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. కొన్నేళ్లకే గ్రాఫైట్ యానోడ్‌గా స్థిరపడింది. దాని సామర్థ్యం గ్రాముకు 372 ఎంఏహెచ్, సిలికాన్‌ది దాదాపు 3,600. చిక్కల్లా లిథియం నిండినప్పుడు సిలికాన్ ఇంచుమించు నాలుగింతలు ఉబ్బి పగలడమే.

ఈ చిక్కును దాటి మొదట సరుకు అమ్మిందెవరు? గ్రాఫైట్‌ను కాదని మిశ్రమ లోహం వైపు వెళ్లిన తొలి వ్యాపార ప్రయత్నాల్లో సోనీ 2005లో క్యామ్‌కార్డర్ల కోసం తెచ్చిన తగరం బ్యాటరీ నెక్సీలియన్ ఒకటి. సిలికాన్ విషయంలో దారి వేసింది సిలికాన్ ఆక్సైడ్ పొడి. షిన్‌-ఎట్సు వంటి జపాన్ రసాయన కంపెనీలు దాన్ని తయారుచేస్తే, సెల్ తయారీదారులు కొద్ది శాతం గ్రాఫైట్‌లో కలిపారు. మొదటి చార్జింగ్‌లోనే ఈ ఆక్సైడ్ తాను పట్టుకున్న లిథియంలో సుమారు నాలుగో వంతును తిరిగి ఇవ్వదు. అది నష్టమే. అయితే అలా చిక్కుకున్న లిథియంతో ఏర్పడే సిలికేట్, ఉబ్బే సిలికాన్ రేణువుల చుట్టూ నిలిచి పగుళ్లను తగ్గిస్తుంది. 2015లో టెస్లా మోడల్ ఎస్ బ్యాటరీని 85 నుంచి 90 కిలోవాట్ అవర్లకు పెంచుతూ, యానోడ్‌లో కొంత సిలికాన్ వాడుతున్నామని ఆ కంపెనీ అధినేత మస్క్ ప్రకటించారు. పెరిగింది ఆరు శాతం లోపే. నా దృష్టిలో సిలికాన్ వ్యాపార చరిత్రకు వెన్నెముక ఈ చిన్న అంకెలే.

నానో పరిశోధన వృథా అనడం లేదు. ఆంప్రియస్ కంపెనీ నానోతీగల సెల్స్ ఎయిర్‌బస్ జెఫిర్ విమానాన్ని ఎగరేశాయి. కార్బన్ రంధ్రాల్లో సిలికాన్‌ను నింపే నేటి పద్ధతి కూడా ఆ అవగాహనకు రుణపడే ఉంది. కానీ ఆ విమానానికి ప్రతి గ్రామూ విలువైనదే, కారు కొనేవాడు చూసేది ధర.

గ్రాఫైట్ కంటే సిలికాన్ సామర్థ్యం పదింతలన్న మాటను కూడా తూకం వేసి చూడాలి. ఒక ఆంపియర్ అవర్ సెల్‌కు, గ్రాముకు 200 ఎంఏహెచ్ ఇచ్చే క్యాథోడ్ 5 గ్రాములు కావాలి. దానికి జోడీగా గ్రాఫైట్ అయితే 2.7 గ్రాములు, సిలికాన్ అయితే 0.3 గ్రాముల లోపు. మొత్తం 7.7 గ్రాములు 5.3 అయ్యాయి. తగ్గింది మూడో వంతు కూడా కాదు. లోహపు రేకుల బరువు, పై తొడుగు బరువు అలాగే ఉంటాయి. ఉబ్బడానికి చోటు వదలాలి, వోల్టేజీ కూడా కాస్త పడిపోతుంది.

2021లో సిలా కంపెనీ సిలికాన్ పదార్థం వూప్ చేతిపట్టీలోకి, 2023లో సిలికాన్-కార్బన్ బ్యాటరీ ఆనర్ ఫోన్‌లోకి వచ్చాయి. ఫోన్ల విషయంలో సిలికాన్ నెగ్గిందని ఒప్పుకుంటాను. కార్లకు అదే తీర్పు చెల్లదు. సిలికాన్ ఉపరితలం మీది పొర నిలకడగా ఉండదు. బ్యాటరీని వాడకుండా పక్కన పెట్టినా ఆ పొర లిథియంను తింటూనే ఉంటుంది. అమెరికా ఇంధన శాఖ ప్రయోగశాలలు ప్రధాన సమస్యగా పట్టుకున్నదీ దీన్నే. ఫోన్‌ను రెండుమూడేళ్లకు మార్చేస్తారు, కారు బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఇవ్వాలి.

వాషింగ్టన్ రాష్ట్రంలోని మోజెస్ లేక్‌లో సిలా, గ్రూప్14 కంపెనీలు ఫ్యాక్టరీలు కట్టాయి. గ్రూప్14లో పోర్షే డబ్బు పెట్టింది. ఇలాంటి పేర్లు చూసి ఇన్వెస్టర్లు ధైర్యపడటం నాకు ఆందోళన కలిగిస్తోంది. ఎన్నిసార్లు చార్జి చేశారన్న గ్రాఫ్ ఎవరైనా చూపిస్తారు. పూర్తి చార్జితో ఏళ్లపాటు ఊరికే ఉంచిన సెల్‌లో ఎంత సామర్థ్యం మిగిలిందో, చైనా గ్రాఫైట్‌తో పోలిస్తే కిలోవాట్ అవర్‌కు ఎంత పడుతుందో చూపని కంపెనీ షేరును ఈ రోజు ధరకు కొనమని నేనెవరికీ చెప్పలేను.