జోజిలా దారిలో మన ట్రక్కులు

యుద్ధ చరిత్రలు తిరగేస్తే ఏ పటాలం ఏ కొండ పట్టుకుంది, ఏ తారీఖున పట్టుకుంది అని వివరంగా ఉంటుంది. ఆ కొండ మీది జవానుకు ఆటా, కిరోసిన్, తూటాలు ఎవరు తెచ్చారు, ఏ దారిన తెచ్చారు అన్నది మాత్రం ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఏఎస్‌సీలో డ్రైవరుగా భర్తీ అయి, సుబేదారుగా పింఛనుకు వచ్చినవాణ్ణి కాబట్టి ఆ ఒక్క వాక్యం గురించే నాలుగు మాటలు రాస్తున్నాను.

శ్రీనగర్ నుంచి లేహ్ 434 కిలోమీటర్లు. మధ్యలో మూడు పెద్ద కనుమలు. జోజిలా 11,575 అడుగులు, నమికాలా 12,198, ఫోటులా 13,479. ఎత్తులో జోజిలాయే చిన్నది. అయినా డ్రైవర్లు భయపడేది దానికే. కాశ్మీరు వైపు నుంచి వచ్చే తేమగాలి ఆ కొండలకు తగిలి అక్కడే మంచుగా కురుస్తుంది. అవతల పోనుపోను ఎండు నేల. అందుకని జోజిలా మూతపడిందంటే లదాఖ్‌కు శ్రీనగర్ వైపు తలుపు మూసినట్టే.

ఆ తలుపు విలువ 1948లోనే తెలిసింది. శత్రువు జోజిలా మీద కూర్చోవడంతో లేహ్‌కు దారి తెగిపోయింది. కాలిబలగంతో చేసిన దాడులు ఫలించలేదు. అప్పుడు జనరల్ తిమ్మయ్య టాంకులు పైకెక్కించాలని నిశ్చయించారు. బాల్తాల్ నుంచి పైకి ఉన్నది కంచరగాడిదల బాట. దాన్ని టాంకు పట్టేలా వెడల్పు చేసినవాళ్ళు మద్రాస్ శాపర్లు. మన తెలుగువాళ్ళకు తరతరాలుగా చోటున్న దళం అది. 1948 నవంబరు 1న మంచులో సెవెంత్ లైట్ కావల్రీ వాళ్ళ స్టూవర్ట్ టాంకులు కనుమ దాటాయి. ఆ నెలాఖరులోగా కార్గిల్ మన చేతికొచ్చింది. ముందు దారి, తరవాతే గెలుపు. ఇది మొదటి పాఠం.

1960 మే 7న బోర్డర్ రోడ్స్ సంస్థ ఏర్పడింది. కాశ్మీరు వైపు పని బీకన్ ప్రాజెక్టుకు అప్పగించారు. 1960ల మొదట్లో లేహ్ దాకా లారీలు నడవసాగాయి. కానీ చలికాలంలో దారి ఉండేది కాదు. అందుకే మన ఫౌజులో వింటర్ స్టాకింగ్ అనే పెద్ద యజ్ఞం పుట్టింది. దారి తెరిచిన వేసవి నుంచి నవంబరు దాకా, చలికాలానికి కావలసిన బియ్యం, పప్పు, నూనె, బొగ్గు, మందులు అన్నీ పైకి చేర్చాలి. చేరనిది ఇక చేరనట్టే. విమానం తెచ్చేది అత్యవసరాలకు సరిపోతుంది గానీ కొన్ని వేలమందికి ఆరు నెలల తిండి విమానం మోయలేదు.

నేను 1990లలో నడిపింది శక్తిమాన్. 1959 నుంచి 1996 దాకా జబల్‌పూర్‌లో తయారైన బండి. పైన తార్పాలిన్ కప్పు, లోపల హీటర్ లేదు. నవంబరు చివరి కాన్వాయ్‌లలో చలి అంటే మామూలు చలి కాదు. రాత్రి డీజిల్ మైనంలా గడ్డకడుతుంది. రేడియేటర్ నీళ్ళు వంచెయ్యకపోతే ఇంజను పగులుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి పడుకుంటే పొద్దున బ్రేకులు పట్టేసి చక్రం కదలదు. అందుకని గేరులో పెట్టి, చక్రాల కింద దిమ్మెలు వేసేవాళ్ళం. తెల్లారుజామున సంపు కింద స్టవ్ పెట్టి వేడి చేసేవాళ్ళం.

ఇక నడక సంగతి. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి. చక్రాలకు గొలుసులు ఉన్నా గట్టిగా బ్రేకు తొక్కకూడదు. పొద్దున్నే వెళ్తే రోడ్డు మీద అద్దం లాంటి మంచుపొర, ఎండెక్కాక వెళ్తే పైనుంచి హిమపాతం. ఈ రెంటి మధ్య దొరికే కాస్త సమయంలోనే కాన్వాయ్ మొత్తం దాటాలి. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. పాత డ్రైవరు కొత్త డ్రైవరుకు నోటితో చెప్పిందే.

1999లో ఆ దారి విలువ దేశమంతా చూసింది. ద్రాస్ పైకొండల మీద చేరిన శత్రువుకు హైవే అరచేతిలా కనిపించేది. బండి కనిపిస్తే గుండు పడేది. అందుకే ట్రక్కులు రాత్రిపూట, లైట్లు ఆర్పేసి, అంచు ఎక్కడుందో అంచనా వేసుకుంటూ నడిచాయి. బోఫోర్స్ గుండ్లు గుట్టలుగా పేల్చారని అందరం గర్వంగా చెప్పుకుంటాం. ఒక్కో గుండు ఏదో ఒక లారీ వెనక భాగంలోంచి దిగిందే కదా! జూన్ 13న తోలోలింగ్, జూలై 4న టైగర్ హిల్ తిరిగి మనవయ్యాక గానీ డ్రైవరు లైటు వెయ్యడానికి ధైర్యం చెయ్యలేదు.

ఇప్పుడు రోజులు మారాయి. ఒకప్పుడు నెలల తరబడి మూసి ఉండే జోజిలా 2022లో 73 రోజులకు, 2023లో 68 రోజులకు, 2025లో 32 రోజులకే తెరుచుకుంది. అటునుంచి విజాయక్, ఇటునుంచి బీకన్ వాళ్ళు మంచు కోసుకుంటూ వచ్చి కనుమ మీద కలుస్తారు. గడ్డకట్టని శీతకాలపు డీజిల్ 2019లో లదాఖ్‌కు వచ్చింది. మనాలి వైపు అటల్ సొరంగం 2020 అక్టోబరు 3న, సోనామార్గ్ సొరంగం 2025 జనవరి 13న తెరిచారు. జోజిలా కింది సొరంగం పని 2020లో మన హైదరాబాదు కంపెనీయే మొదలుపెట్టడం మనకు సంతోషం.

సొరంగాలు రావాలి. మా పిల్లలు మేము పడ్డ పాట్లు పడకూడదు. అయితే సొరంగంలోంచి వెళ్ళే డ్రైవరుకు పైన కనుమ ఉందన్న సంగతే గుర్తుకు రాదు. దాని వెంబడి మంచు కింద ప్రాణాలు పోగొట్టుకున్న డ్రైవర్లు, డోజర్ ఆపరేటర్లు, జార్ఖండ్ నుంచి వచ్చి పారలు పట్టిన కూలీలు కూడా అలాగే మరుగున పడతారు. వాళ్ళలో చాలామందికి పతకం రాలేదు, వాళ్ళ పేరు పుస్తకానికి ఎక్కలేదు.

అందుకని మన సంఘంలోని ఏఎస్‌సీ, ఈఎంఈ, ఇంజనీర్స్, గ్రెఫ్ అన్నలకు, తమ్ముళ్ళకు నా మనవి ఒకటే. మీరు నడిపిన దారి, మరమ్మతు చేసిన బండి, మీతో వచ్చి తిరిగి రాని తోటివాడి పేరు, ఒక్క పేజీ అయినా సరే, రాసి వచ్చే సంచికకు పంపండి. పెద్ద భాష అక్కర్లేదు. తారీఖు, చోటు, పేరు ఉంటే చాలు. కొండలు గెలిచినవాళ్ళ చరిత్ర ఎలాగూ రాస్తారు. కొండ దాకా తెచ్చినవాళ్ళది మనమే రాసుకోవాలి.

జై హింద్.