'య'తో మొదలయ్యే మన అక్షరాలు



"మీ గోండికి లిపి లేదు కదా." బడిలో ఈ మాట మనలో చాలామందిమి విన్నాం. విని ఊరుకున్నాం, ఎందుకంటే మనకీ తెలీదు.

1940లలో హైమెండార్ఫ్ దొర మర్లవాయిలో గోండు పిల్లల కోసం చదువు మొదలుపెట్టించినప్పుడు గోండి వాచకాలు దేవనాగరి అక్షరాల్లో వచ్చాయి. అక్కడికి పెద్ద దూరం కాని గుంజాలలో (నార్నూర్ మండలం) మాత్రం ఇళ్ళలో పాత చేతిరాత పుస్తకాలు ఉన్నాయి. వేరే లిపిలో. వాటిని చదవగలిగే పెద్దలు చివరికి కొద్దిమందే మిగిలారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి జయధీర్ తిరుమలరావు సార్ బృందం వెళ్ళి వాటి మీద పని చేసింది. పేపర్లు "లిపిని కనుగొన్నారు" అని రాశాయి. ఇంట్లో ఉన్నదాన్ని కనుక్కోవడమేంటో! కానీ ఆ పని జరక్కపోతే పెద్దలతోపాటే అక్షరాలూ పోయేవి, అదీ నిజమే.

ఇక కంప్యూటర్ సంగతి. కంప్యూటర్‌కి అక్షరం తెలీదు, నంబరే తెలుసు. తెలుగు 'అ'కి ఒక నంబరు ఉంది కాబట్టే మనం ఈ పోస్టు రాయగలుగుతున్నాం. ఆ నంబర్లిచ్చేది యూనికోడ్. నంబరు లేని లిపిని ఫోటో తీసి పంపొచ్చు, టైప్ చేయలేం, వెతకలేం. గుంజాల లిపి కోసం అన్షుమన్ పాండే అనే లిపి పరిశోధకుడు ప్రతిపాదన రాశారు. 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో మన లిపి చేరింది, 63 గుర్తులతో.

మాకు బాగా నచ్చిన విషయం ఇది. తెలుగు, హిందీల్లో హల్లులు క, ఖ, గ అని మొదలవుతాయి. గుంజాల వరసలో ముందు 'య', తర్వాత వ, బ, భ, మ. మిగతా లిపుల్లాగా 'క'తో సర్దేసి ఉంటే కంప్యూటర్ వాళ్ళకి సుళువయ్యేదేమో. అలా చేయలేదు. యూనికోడ్ పట్టికలో హల్లులు 'య'తోనే మొదలవుతాయి. అది ఇంజనీరు ఒక్కడే తేల్చేది కాదు. ప్రతిని చదివినవాళ్ళు, చదివి వినిపించిన ఊరి పెద్దలు ఉంటేనే తేలుతుంది. ఆర్ట్స్ గ్రూపు తీసుకున్నామని తక్కువ చేసి చూసేవాళ్ళకి ఈ ఒక్క 'య' చూపించండి.

గూగుల్ నోటో ఫాంట్లలో గుంజాల గోండికీ ఒకటి ఉంది. మొన్న రాత్రి హాస్టల్లో ఆ 'య'ని ఒకరికొకరం పంపుకున్నాం. ఒక ఫోన్లో అక్షరం వచ్చింది. మిగతా వాటిలో ఖాళీ డబ్బా. మీ ఫోన్లో ఏం వస్తుందో కామెంట్‌లో పెట్టండి.