తీగలేని టెలిఫోను: చౌకదనం వెనుక చరిత్ర

కాజీపేట నుంచి డోర్నకల్లుకు పోయే రైలుమార్గంలో గార్ల ఒక చిన్న స్టేషను. ఈ మార్గం గార్ల ప్రజల కోసం వేసినది కాదు. సింగరేణి బొగ్గును తరలించవలసిన అవసరం, హైదరాబాదును బెజవాడతో కలపవలసిన అవసరం ఈ పట్టాలను వేయించాయి. 1889లో అవి బెజవాడ చేరాయి. పట్టాల వెంట తంతి స్తంభాలు నిలిచాయి. ఆ తీగల మీద రైళ్ళ రాకపోకల వార్తలు నడిచాయి గాని, చుట్టుపక్కల తండాలలోని లంబాడీ రైతు మాట నడవలేదు. వార్తాసాధనం ఎవరి అవసరానికి పుట్టింది, ఎవరి ఖర్చుతో పెరిగింది అన్న ప్రశ్నలు ఆనాటి తంతికే కాదు, ఈనాటి సెల్‌ఫోనుకూ వర్తిస్తాయి.

1994 నాటి జాతీయ టెలికాం విధానం 1997 నాటికి ప్రతి గ్రామానికీ టెలిఫోను అందిస్తామన్నది. ఆ పేరుతోనే ప్రైవేటు పెట్టుబడికి తలుపులు తెరిచింది. 1995 జూలై 31న దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ జరిపినది బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు. అప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా వసూలు చేసేవారు. మాట్లాడినవాడే కాదు, విన్నవాడూ చెల్లించాలి. ఇది ధనికుల ఫోను. కంపెనీలు పోటీపడి ఒప్పుకున్న లైసెన్సు రుసుములు కట్టలేకపోయాయి. 1999లో ప్రభుత్వం ఆ రుసుములను తొలగించి, ఆదాయంలో వాటాతో సరిపెట్టుకున్నది. పెట్టుబడిదారుని తప్పు లెక్కకు ప్రజల ఖజానా పూచీపడిందన్నమాట.

గ్రామంలో ప్రతి ఇంటికీ రాగితీగ లాగడం ఖర్చుతో కూడిన పని. అందుకే చివరి దూరాన్ని తీగలేకుండా దాటించే ప్రయత్నాలు జరిగాయి. మద్రాసు ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ అశోక్ ఝన్‌ఝన్‌వాలా నాయకత్వాన తయారైన కార్‌డెక్ట్ పద్ధతి అటువంటిది. విశాలమైన విపణిని మాత్రం విదేశీ సి.డి.ఎమ్.ఏ. పద్ధతి గెలుచుకున్నది; టాటా టెలీసర్వీసెస్ దానిని ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలుపెట్టింది. 2001 జనవరిలో ప్రభుత్వం ఈ ఫోన్లకు పరిమిత సంచారాన్ని అనుమతించింది. పరిమితి అంటే సుమారు ఒక తాలూకా. గార్ల వంటి ఊరి మనిషి మిర్చి బస్తాలతో ఖమ్మం మార్కెట్టుకు పోతే అక్కడ అతని ఫోను మూగది! సెల్ కంపెనీలు ఈ అనుమతిపై కోర్టుకెక్కాయి. చివరకు 2003 నవంబరులో ఏకీకృత లైసెన్సు విధానంతో ఆ గోడను తొలగించారు.

అదే ఏడాది జూలైలో రిలయన్స్ 501 రూపాయలకే ఫోను చేతికిచ్చింది. అయితే ఆ ఫోను ఇంకొక కంపెనీకి పనిచేయదు. నెలనెలా బిల్లు కట్టక తప్పదు. విత్తనం అప్పిచ్చి పంటను తన కొట్టుకే తోలమనే షావుకారు పద్ధతి మన పల్లెలకు కొత్త కాదు.

నిజమైన మలుపు మరొకటి. 2003 మే నుంచి వచ్చే కాల్‌కు రుసుము పోయింది. దానితో పది రూపాయల రీఛార్జి కూలివాని ఫోనును సజీవంగా ఉంచింది. రెండుసార్లు మోగించి ఆపేసే ‘మిస్డ్ కాల్’ ఏ కంపెనీ కనిపెట్టినదీ కాదు; లేమిలోనుంచి ప్రజలే సృష్టించుకున్న భాష అది. మేస్త్రీ కూలీలను పిలిచినా, వలసపోయిన కొడుకు తల్లిని పలకరించమన్నా దానితోనే. 2006లో ప్రభుత్వరంగ బి.ఎస్.ఎన్.ఎల్. దేశమంతటికీ నిమిషం ఒక రూపాయి చేసింది. 2009లో టాటా డొకోమో సెకనుకొక పైసా లెక్క తెచ్చింది.

కాని పెట్టుబడిదారీ పోటీ తన కడుపులోనే గుత్తాధిపత్యాన్ని మోస్తుంది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దుచేసింది. 2016 సెప్టెంబరులో జియో దాదాపు ఉచితంగా ప్రవేశించింది. తరువాతి మూడేళ్ళలో రిలయన్స్ కమ్యూనికేషన్స్, ఎయిర్‌సెల్, టెలినార్, టాటా విపణినుంచి తప్పుకున్నాయి. వొడాఫోన్, ఐడియా ఒకటైనాయి. డజను దుకాణాల సంత నాలుగు దుకాణాలకు కుదించుకుపోయింది. నాలుగవదైన బి.ఎస్.ఎన్.ఎల్.కు 4జి తరంగాలు ఇవ్వాలన్న నిర్ణయం 2019 అక్టోబరు దాకా రాలేదు. 2020 జనవరి చివరికి సుమారు 78 వేల మంది ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటికి పోయారు.

దీని ఫలితం పేదవాని ఫోను మీద ఎలా పడింది? 2003లో వచ్చిన సౌకర్యం 2018 చివర పోయింది. కనీస రీఛార్జి చేయకపోతే వచ్చే కాల్ కూడా ఆగిపోతుందన్నారు. ఎయిర్‌టెల్‌లో 28 రోజులకు ఆనాటి కనీసం 35 రూపాయలు. 2024 జూలైలో అది 199 రూపాయలయింది. ఆరేళ్ళలో ఐదున్నర రెట్లకు పైగా! అందులో అపరిమిత సంభాషణ, డేటా ఉన్నాయి కదా అనవచ్చు. నిజమే. ఆ డేటాతో తండాలో పాఠం చదువుకునే విద్యార్థి ఉన్నాడు, దానిని కాదనరాదు. కాని పిలుపు అందుకోవడం తప్ప మరేమీ అక్కరలేని ముసలితల్లి కూడా అదంతా కొనవలసి వస్తున్నది. నిమిషం ధర తగ్గింది, గడప దాటే ధర పెరిగింది.

ఏడాదికి పదమూడు రీఛార్జులు, 2,587 రూపాయలు. 2024-25లో తెలంగాణలో ఉపాధిహామీ దినకూలి 300 రూపాయలు. అంటే ఒక్క ఫోనుకు దాదాపు తొమ్మిది రోజుల కష్టం. ఇది విలాసపు ఖర్చా? ఆ ఉపాధిహామీ పనిలోనే హాజరు ఫోనులో ఎక్కుతున్నది. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా ఫోనుకు వచ్చే అంకెలను అడుగుతున్నాయి. ఫోను లేనిదే పౌరుని గుర్తించని ప్రభుత్వం, ఫోను ధరను మాత్రం విపణికి వదిలింది. 2024 డిసెంబరులో నియంత్రణ సంస్థ మాటలకు మాత్రమే పరిమితమైన పథకాలు పెట్టమన్నది. పెట్టారు, కాని నెలలకు సరిపడే సొమ్ము ఒక్కసారే కట్టాలి. ఏరోజు కూలి ఆరోజు తినేవానికి అది అందదు.

2002 నుంచి టెలికాం ఆదాయంలో కొంతభాగం సార్వత్రిక సేవానిధికి పోతున్నది. 2023 చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. ఆ సొమ్ము చివరకు వినియోగదారుని జేబులోనిదే. దానితో పేదవాని ఫోనుకు వచ్చే పిలుపు ఆగకుండా చూడాలనీ, పోటీకి తగిన సాధనాలిచ్చి ప్రభుత్వరంగాన్ని నిలబెట్టాలనీ అడగడం దానం కోరడం కాదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ ఊళ్ళో పది ఇళ్ళ రీఛార్జి ఖర్చును, ఆ ఇళ్ళ కూలి దినాలను పక్కపక్కన రాసి చూడాలి. ఈ పోరాటానికి అవసరమైన మొదటి పత్రం అదే.