క్యాలెండర్‌లో చుట్టిన తారీఖు

పొద్దున తొమ్మిదింపావు. కలెక్టరేట్‌లో మా గది తాళం తీయగానే పాత కాగితాల వాసన, ఆ వెనకే ఉక్క. మార్చి మూడో వారం. బళ్ళు ఒంటిపూటకు మారాయి. గదిలో నాలుగు టేబుళ్ళు, తలుపు సరిగా పడని ఒక బీరువా. అందులోంచి ఒక ఫైలు తీసి పక్కన కూర్చున్న అమ్మాయి ముందు పెట్టాను. ఎంఎస్‌డబ్ల్యూ మొదటి ఏడాది చదువుతోంది. వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ కోసం మా జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వస్తుంది.

"ముందు ఇది చదువమ్మా. ఇవాళ ఈ బాబు ఇంటికే పోతున్నాం."

మీరూ కుర్చీ లాక్కుని కూర్చోండి. పేరు దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెడతాను. 2015 బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షన్ ఒకటుంది. ఇలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం లేకపోయినా నేను చెప్పేదాన్ని కాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే ఊరు అనుకోండి, చాలు.

ఫైలులో నాలుగు చేతిరాతలున్నాయి. మొదటిది వాలుగా, నీలం ఇంకుతో, అర పేజీ. ఆరేళ్ళ బాబు, బస్టాండులో దొరికాడు. తల్లి కామెర్లతో పోయింది. తండ్రి లారీ మీద పోతే ఏడాదికోసారి ఫోను చేస్తాడు. నాయనమ్మకు చూపు ఆనదు. ఇంట్లో ఒక తెల్ల మేక ఉండేది. మేక సంగతి దాకా రాసుకున్నారంటే ఆ రోజు పిల్లవాడు బాగా మాట్లాడాడన్న మాట. రెండో చేతిరాత గుండ్రంగా ఉంది, ఆరు లైన్లు. మేక లేదు. మూడోది ఒకే వాక్యం: పిల్లవాడు సహకరించుట లేదు.

అమ్మాయి తలెత్తింది. "మూడేళ్ళ పైచిలుకులో నలుగురు మారారా మేడం?"

"నాలుగోది నాదే."

నా మొదటి పేజీలోనూ ఖాళీయే ఎక్కువ. వచ్చిన ప్రతి మేడమూ, ప్రతి సారూ అదే హోమ్‌లో, అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి "మీ అమ్మకేమైంది నాన్నా?" అని అడిగారు. నేనూ అడిగాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ "రాసుంది కదా మేడం" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

పదిన్నర బస్సు. పల్లెవెలుగులో ఇద్దరం ఆధార్ చూపించి జీరో టికెట్లు తీసుకున్నాం. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక నా సంచిలో చిల్లర గోల తగ్గింది. అంతకుముందు ఫీల్డ్ ఖర్చులు చేతి నుంచి పెట్టుకుని బిల్లు కోసం నెలల తరబడి చూసేదాన్ని. కిటికీ పక్కన కూర్చోండి. రెండు వైపులా యాసంగి వరి పొట్ట మీద ఉంది. రైసు మిల్లు దాటేటప్పుడు కాసేపు ఊక దుమ్ము కంట్లో పడుతుంది, కొంగు అడ్డం పెట్టుకోండి.

అమ్మాయి అడగాలనుకున్నది అడిగేసింది. "మేడం, ఈ లైన్‌లో ఫ్యూచర్ ఉందా?"

అబద్ధం చెప్పలేదు. 2012లో ఇంటర్ మీద నేను ఔట్‌రీచ్ వర్కర్‌గా చేరాను. పని చేస్తూనే డిగ్రీ, ఆ తర్వాత దూరవిద్యలో ఎంఎస్‌డబ్ల్యూ పూర్తిచేశాను. సోషల్ వర్కర్ పోస్టు పడితే కొత్తవాళ్ళతో పాటు లైన్‌లో నిలబడి అప్లికేషన్ పెట్టుకుని ఎంపికయ్యాను. ప్రమోషన్ కాదది, ఇంకో ఉద్యోగం. వెనకటి ఏళ్ళ సర్వీసు వెనకే ఉండిపోయింది. మా విభాగం నడిచే కేంద్ర పథకం మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం ఔట్‌రీచ్ వర్కర్‌కు నెలకు 10,592 రూపాయలు, సోషల్ వర్కర్‌కు 18,536. అన్నీ కాంట్రాక్టు పోస్టులే, ఏటేటా పొడిగించాలి. నా ముందు ఈ ఫైలు చూసినవాళ్ళలో ఒకరికి గురుకులంలో ఉద్యోగం వచ్చింది. ఒకావిడ పెళ్ళయి వెళ్ళిపోయింది. ఒకతనికి రెన్యువల్ కాలేదు. ఎవరినీ తప్పుపట్టను, వాళ్ళకీ ఇల్లుంది, అద్దె ఉంది.

దారి లేదని కాదు. సీడీపీఓ పరీక్షలున్నాయి. ఆస్పత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లు కావాలి, స్వచ్ఛంద సంస్థలున్నాయి. ఈ పని చదువు మన దేశంలో 1936లోనే బొంబాయిలో టాటాల స్కూలుతో మొదలైంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. అంత చరిత్ర ఉండి కూడా లాయరుకు బార్ కౌన్సిల్, నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ ఉన్నట్టు పిల్లల కోసం ఊళ్ళు తిరిగే మాకు ఒక కౌన్సిల్ లేదు. ఇంగ్లండ్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా సోషల్ వర్కర్నని చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇక్కడ చీరలు పంచినవాళ్ళూ సోషల్ వర్కర్లే. ఈ మాట అనేటప్పుడు నా గొంతు కొంచెం పెరిగినట్టుంది, ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు.

బస్సు దిగి కాలువ కట్ట వెంట పది నిమిషాల నడక. నడుస్తూ ఒక మాట చెప్పాలి. బాబు ఇప్పుడున్నది ఫోస్టర్ కేర్‌లో. ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు. దత్తతలో పిల్లవాడు శాశ్వతంగా ఆ ఇంటివాడవుతాడు. ఇక్కడ సొంత ఇంటికి తిరిగి వెళ్ళే దారి తెరిచే ఉంటుంది, ఈలోపు ఉండడానికి ఒక ఇల్లు దొరుకుతుంది. అక్క కొడుకును చెల్లెలు పెంచడం, మేనమామ ఇంట్లో ఉండి చదువుకోవడం మనకు కొత్త కాదు. ముక్కూ మొహం తెలియని పిల్లవాణ్ణి, ఎన్నాళ్ళుంటాడో తెలియకుండా, మన కంచంలో అన్నం పెట్టి పెంచడమే కొత్త. అందుకే ముందుకొచ్చేవాళ్ళు తక్కువ. పిల్లవాణ్ణి ఏ ఇంట్లో ఉంచాలో బాలల సంక్షేమ కమిటీ ఆర్డరు ఇవ్వాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, ఆ బెంచికి మేజిస్ట్రేటు అధికారాలుంటాయి.

మనం వెళ్తున్న ఇంటావిడ టైలర్. భర్త పోయి ఏడేళ్ళు, కూతురికి పెళ్ళయింది. 2024లో మార్గదర్శకాలు మారకముందైతే ఆమె అర్జీ తీసుకునే వీలే లేదు, పెళ్ళయిన జంటలకే అవకాశం. ఇప్పుడు వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ళు, పెళ్ళి కానివాళ్ళు కూడా ముందుకు రావచ్చు. హోమ్ స్టడీకి వచ్చిన రోజు నేను బీరువా తీయించి చూశాను, బాత్రూము గడియ వేసి చూశాను, బావి మీద మూత ఉందా అని చూశాను, కిరాణా కొట్టాయన్ను విడిగా అడిగాను. ఆమె కోప్పడలేదు. "చూసుకో మేడం, పిల్లగాడు పైలం కదా" అంది. అప్పుడే మనసులో సగం సంతకం పెట్టేశాను.

ఇదిగో ఇల్లు. వసారాలో కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు. పొద్దుటి పూట బడి అయిపోయింది. మధ్యాహ్న భోజనం తినేసి వచ్చి, యూనిఫాం మీదే నేల మీద బోర్లా పడుకుని వాడు ఏదో గీస్తున్నాడు. ఇంకో రెండు నెలల్లో పదేళ్ళు నిండుతాయి.

"దా మేడం, ఎండల వడ్డవ్. మజ్జిగ తాగుతవా?" అంది ఆవిడ. ఆమె నాకంటే పెద్దది, అక్కా అనే పిలుస్తాను. "నువ్వెవరు బిడ్డా? కాలేజీ పిల్లవా?" అని మా అమ్మాయిని అడిగింది. పిల్లవాడు ఆమెను పెద్దమ్మా అంటాడు. అమ్మా అని పిలువమని ఎవరూ చెప్పలేదు, చెప్పొద్దని నేనే అన్నాను. వాడికి అమ్మ ఉండేది.

మీరు మంచం కిందికి వంగి చూడండి. స్టీలు డబ్బా కనిపిస్తోందా? దాని కథ వేరే. వాడు ఈ ఇంటికొచ్చిన రెండో నెలలో ఒక రాత్రి ఆవిడ ఫోను చేసింది. గొంతు వణుకుతోంది. "మేడం, దిండు కింద రొట్టె ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు. అన్నీ చీమలే. నేను కడుపునిండ పెడతలేనా? ఊరోళ్ళు ఏమనుకుంటరు?" మర్నాడు మొదటి బస్సుకే వచ్చాను. ఆకలి చూసిన పిల్లలు రేపటి కోసం దాస్తారని, అది ఆమె చేతి అన్నం మీద ఫిర్యాదు కాదని చెప్పాను. తిట్టొద్దు, వెతికి తీసి పారేయొద్దు, వాడికంటూ ఒక డబ్బా ఇవ్వు అక్కా అన్నాను. ఆ సాయంత్రమే ఈ డబ్బా కొంది. వారం వారం మురుకులో సర్వపిండో అటుకులో నింపుతుంది. మూత వాడు తప్ప ఎవరూ తీయరు. ఎనిమిది నెలలైంది, డబ్బా ఇంకా మంచం కిందే ఉంది. ఉండనివ్వండి.

చెప్పక తప్పని ఇంకో సంగతి. అంతకుముందు నేను పనిచేసినచోట పన్నెండేళ్ళ ఆడపిల్లను ఒక జంట దగ్గర ఉంచాం. మంచివాళ్ళే. ఫోస్టర్ ఇంటిని నెలనెలా చూడాలని చట్టమే చెబుతోంది. అప్పుడు మా దగ్గర రెండు పోస్టులు ఖాళీ, జిల్లా అంతా నేనొక్కదాన్నే. మొదటి నెల వెళ్ళాను. రెండో నెల కుదరలేదు. పదకొండో వారంలో వాళ్ళే ఆటోలో తీసుకొచ్చి, బట్టలు క్యారీబ్యాగులో పెట్టి, ఆఫీసు మెట్ల మీద దింపి వెళ్ళిపోయారు. పోపుల డబ్బాలోంచి 200 రూపాయలు తీసిందట. దొంగ పిల్ల అన్నారు. గుడ్డు దాచిన చెయ్యీ, డబ్బు దాచిన చెయ్యీ ఒకటేనని చెప్పడానికి ఆ నెల ఎవరో ఒకరు ఆ గుమ్మం తొక్కి ఉండాల్సింది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. క్యారీబ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అందుకే ఉద్యోగ భద్రత గురించి మేం మాట్లాడినప్పుడు, జీతం కోసమే కదా అంటే నాకు బాధేస్తుంది. జీతం కోసమే, ఎందుకు కాదు? కానీ మా పోస్టు ఖాళీ అయిన ప్రతిసారీ ఒక పిల్లవాడు తన కథ మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి. ఇంకో మేడం, ఇంకో కుర్చీ. కొన్నాళ్ళకు చెప్పడం మానేస్తాడు. ఫైలులో 'సహకరించుట లేదు' అని పడుతుంది. నమ్మకంగా ఒకరే పదేళ్ళు ఉండగలిగేలా ఈ ఉద్యోగాన్ని చేయాలి. రెగ్యులర్ పోస్టు, మెట్టు మెట్టుగా ప్రమోషన్, వెనకటి సర్వీసుకు లెక్క ఉండాలి. ఇంతకంటే తక్కువకు నేను ఒప్పుకోను.

ఆవిడ పాస్‌బుక్ తెచ్చింది. నెలకు 4,000 రూపాయలు రావాలి. మూడు నెలలది ఒకేసారి పడింది. "డబ్బులు ఎప్పుడో అప్పుడొస్తయి గానీ మేడం, లెక్కలు చెప్పేటోళ్ళు కావాలె వీనికి, భాగారాలు రావు" అంది. రాసుకున్నాను. నాయనమ్మ పోయిన ఆదివారం వచ్చి వెళ్ళిందట. పిల్లవాడి మొహం తడిమి చూసి, లావయ్యావని మురిసిపోయిందట. అదీ రాసుకున్నాను.

ఆవిడ మజ్జిగ కోసం లోపలికి వెళ్ళింది. మా అమ్మాయి, నేను చెప్పకుండానే, చాప మీద వాడి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. ఆ ఒక్క పనితో నాకు తెలిసింది, ఈ పిల్ల ఈ పనికి పనికొస్తుందని. కాసేపటికి వాడే కాగితం ఇటు తిప్పాడు. నాలుగు కాళ్ళు, చిన్న తోక, రంగు వేయకుండా వదిలేసిన ఒళ్ళు.

"ఇది తెల్లది. మా ఇంట్ల ఉండె. నాయనమ్మ చీర కొంగు నమిలేది" అన్నాడు.

అమ్మాయి నా వైపు చూసింది. నేను పెన్ను మూత పెట్టేశాను. ఆఫీసుకు పోయాక రాయొచ్చు.

ఈ మ్యాగజైన్ చేతిలో పట్టుకున్న మీతో ఒక మాట. మీ ఇంట్లో ఇంకో మంచం పట్టే చోటు ఉంటే, అద్దింట్లో ఉన్నా సరే, ఒంటరిగా ఉన్నా సరే, మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్ళి ఫోస్టర్ కేర్ గురించి అడగండి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 1098కి ఫోను చేయండి. హోమ్‌లలో ఆరేళ్ళు దాటిన పిల్లలున్నారు. చంటిపిల్లల కోసం వచ్చేవాళ్ళు వీళ్ళ గది దాకా రారు.

బయల్దేరుతుంటే వాడు లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ అది. గడిచిన నెలల్లో ఒక్కో తారీఖు చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. నేను వచ్చిన రోజులవి.

"మళ్ళెప్పుడొస్తవ్ మేడం?"

"ఏప్రిల్ తొమ్మిదిన వస్తా నాన్నా."

కాగితం తిప్పి, మునివేళ్ళ మీద నిలబడి, తొమ్మిది చుట్టూ సున్నా చుట్టాడు. నా కాంట్రాక్టు మార్చి 31తో ముగుస్తుంది. రెన్యువల్ కాగితం ఇంకా రాలేదు.